మంచం పక్కన నిలబడ్డ మనిషి, సాయంత్రం తడిగా ఉన్న సబ్బు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయడానికి ఆమె ఒప్పుకుంది. రాసిందంతా చదివి రెండు చోట్ల మార్చమంది, మార్చాను. వయసు, ఉద్యోగం, ఏరియా, ఇంట్లోవాళ్ళ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా ముందే మార్చేశాను. నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్ట్‌ని. నిద్ర సమస్యలు, భయాలు, ఆందోళన ఉన్నవాళ్ళు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు, "రాత్రిపూట ఏదో కనిపిస్తోంది" అంటూ వచ్చేవాళ్ళూ తక్కువేం కాదు. వాళ్ళలో చాలామందికి కారణం ఒకటే ఉంటుంది, అది దొరికితే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ అలా కాదు. ఒకే ఇంట్లో, ఒకే మనిషికి, అవే నెలల్లో రెండు వేరువేరు సంగతులు జరుగుతున్నాయి. ఒకటి నిద్రలో, ఇంకొకటి నిజంగా. మొదటిదానికి సమాధానం దొరకగానే రెండోదాన్ని అందరూ మర్చిపోబోయారు. నేను ఈ కేసు రాయడానికి కారణం అదే.

నేపథ్యం

పాతికేళ్ళు దాటిన అమ్మాయి, సొంతూరు కోస్తాలో. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం, షిఫ్టులు వారానికోసారి మారతాయి, ఒక వారం నైట్, ఒక వారం మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు దాకా. చెల్లెలు పోటీ పరీక్షలకి కోచింగ్ తీసుకుంటోంది, పొద్దున్నే వెళ్ళి సాయంత్రం ఆరుకి వస్తుంది. ఇద్దరూ కలిసి ఒక పాత ఇండిపెండెంట్ ఇంటి పై అంతస్తులో అద్దెకి ఉంటున్నారు. పైన రెండు పోర్షన్లు, ఎదురెదురు తలుపులు. రెండోదాంట్లో ఒంటరిగా ఉండే ఒక రిటైర్డ్ పెద్దాయన. ఓనర్ వేరే ఊళ్ళో ఉంటాడు, అద్దె ఫోన్‌లో వేస్తారు, కుళాయి పాడైనా కరెంటు పోయినా ఓనర్ తరఫున చూసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు.

మానసిక సమస్యలు గతంలో ఏమీ లేవు, కుటుంబంలో కూడా లేవు. నిద్ర మాత్రం ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ దెబ్బతింది. నైట్ షిఫ్ట్ అయ్యాక పొద్దున ఏడింటికి పడుకుని పదకొండుకి లేవడం, మళ్ళీ సాయంత్రం ఓ గంట, మధ్యలో టీలు, కాఫీలు. అలా ఏడాది పైనే గడిచింది.

ఆమె చెప్పింది

నా దగ్గరికి వచ్చినప్పుడు మొదటి మాట, "మేడమ్, మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారు." చెప్తున్నంతసేపూ చెల్లెలి చేయి పట్టుకునే ఉంది.

నిద్రలో ఉన్నట్టుండి మెలకువ వస్తుంది. గది కనిపిస్తుంది, ఫ్యాన్ తిరగడం కనిపిస్తుంది, కానీ వేలు కూడా కదలదు. బీరువా పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు. మొహం ఉండదు, పొడుగ్గా నల్లగా ఉంటాడు. కొన్నిసార్లు దగ్గరికి వచ్చి మంచం అంచున కూర్చుంటాడు, పరుపు దిగబడటం తెలుస్తుంది, ఆ తర్వాత గుండెల మీద బరువు. అరుద్దామంటే గొంతు రాదు. కాసేపటికి ఒక్కసారిగా విడిపోయి లేచి కూర్చుంటుంది, చూస్తే గదిలో ఎవరూ ఉండరు.

ఇంతవరకూ ఎవరు చెప్పినా నేను పెద్దగా తడుముకోను. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. ఇంట్లో వస్తువులు జరుగుతున్నాయి. మడిచిపెట్టిన బట్టలు వేరేగా మడిచి ఉంటున్నాయి. లోపలి బట్టలు ఒకటీ రెండూ కనిపించకుండా పోయాయి. డాబా మీద అడుగుల చప్పుడు. అమావాస్య మర్నాడు మెట్ల మీద కుంకుమ పూసిన నిమ్మకాయ. ఎదురు పోర్షన్ పెద్దాయన తెల్లవారుజామునే వరండాలో నిలబడి వీళ్ళ తలుపు వైపే చూస్తుంటాడు, పలకరిస్తే మాట్లాడడు. వీళ్ళ పోర్షన్‌లో అంతకుముందు అద్దెకి ఉన్నవాళ్ళ అమ్మాయి చనిపోయిందని కింది ఇంటి పనిమనిషి చెప్పింది.

ఇవన్నీ ఆమె ఒకే కథగా చెప్పింది. ఆ చనిపోయిన అమ్మాయి, ఆ నల్లటి మనిషి, పెద్దాయన, నిమ్మకాయ, పోయిన బట్టలు, అన్నీ ఒకదానికొకటి ముడిపడిపోయి ఉన్నాయి. భయంలో ఉన్న మనిషి మనసు అలాగే పనిచేస్తుంది, విడివిడిగా ఉన్నవాటిని వరసగా కూర్చి ఒక కారణం వెతుక్కుంటుంది. అందుకు ఆమెని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అప్పటికే చేసి చూసినవి

ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. గుళ్ళో పూజ చేయించి తాయెత్తు కట్టారు. అది కట్టుకున్నాక కొన్ని రాత్రులు బాగా పట్టింది నిద్ర, తర్వాత మళ్ళీ మొదలు. అమ్మగారు గుమ్మానికి గుమ్మడికాయ కట్టించారు. మా చిన్నప్పుడు ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దముక్కతో రాసేవాళ్ళు కదా, అది కూడా రాయించమని ఎవరో సలహా ఇచ్చారట.

ఆ తర్వాత చేసింది మాత్రం ప్రమాదకరం. అంజనం వేసి చూసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే, డబ్బు తీసుకుని, "ఎదురింట్లో ఒంటరిగా ఉండే ముసలాయనే చేయించాడు" అన్నాడు. నాన్నగారు తిరిగొచ్చి ఆ పెద్దాయన తలుపు కొట్టి గొడవపెట్టుకున్నారు. మాటా మాటా పెరిగింది. ఆ రోజు నుంచి ఆయన వీళ్ళ ఎదురుపడటం కూడా మానేశారు. ఈ సంగతి తర్వాత ఎంత నష్టం చేసిందో ముందుకెళ్తే తెలుస్తుంది.

మెడికల్ షాపులో అడిగి అల్ప్రజోలామ్ (ఆందోళన తగ్గించే, మత్తుగా ఉంచే మాత్ర) కూడా వాడుతోంది, డాక్టర్ చీటీ లేకుండానే. లైటు వేసుకుని పడుకోవడం, చెల్లెలు పక్కన కూర్చుని మేలుకుని ఉండటం, ఇవీ చేశారు. వీటివల్ల ఇద్దరికీ నిద్ర పోయింది. నిద్ర తగ్గేకొద్దీ ఆ మనిషి ఇంకా ఎక్కువగా వచ్చాడు.

నా మొదటి ఆలోచనలు

దయ్యం ఉందా లేదా అన్న వాదన నేను పెట్టుకోలేదు. ఆ వాదనలో గెలిచినా ఆమె రాత్రులు మారవు, పైగా నన్ను నమ్మడం మానేస్తుంది. తాయెత్తు తీసేయమనీ చెప్పలేదు. దానివల్ల నష్టం లేదు, కొంత ధైర్యం ఉంది. నేను గట్టిగా పట్టుబట్టింది ఒక్క విషయం మీదే, ఆ అంజనం ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళొద్దని, పెద్దాయన పేరు మళ్ళీ ఎత్తొద్దని. పక్కింటివాడు చేతబడి చేశాడన్న అనుమానం ఎక్కడిదాకా పోతుందో మన రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. మెదక్ వైపు బాణామతి చేశారంటూ మనుషుల పళ్ళు ఊడగొట్టిన సంఘటనలు, చంపేసిన సంఘటనలు ఉన్నాయి. మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో ఇలాంటి వాటి మీద ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నారు. సిటీలో చదువుకున్న కుటుంబం కదా, అంతదూరం పోదులే అనుకోవడానికి లేదు. భయం ముదిరితే చదువు అడ్డం రాదు.

తర్వాత వేరే కారణాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాను. పగలు ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుందా, నవ్వినప్పుడు మోకాళ్ళు సడలుతాయా (నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కోసం), నాలుక కొరుక్కోవడం, పక్క తడవడం ఉందా (ఫిట్స్ కోసం), గురక, ఊపిరి ఆగడం ఉన్నాయా అని అడిగాను. ఏవీ లేవు. పూర్తి మెలకువలో గొంతులు వినిపించడం, తన ఆలోచనలు ఎవరో నడిపిస్తున్నారనిపించడం లేవు. గతంలో దాడికో వేధింపుకో గురైందా అన్నది మాత్రం తొందరపడకుండా, చెల్లెలు లేనప్పుడు అడిగాను. లేదంది.

బాత్రూమ్‌లో గీజర్ గురించి కూడా అడిగాను. ఈ ప్రశ్న విని చాలామంది ఆశ్చర్యపోతారు. 1921లో విల్మర్ అనే అమెరికన్ కంటి డాక్టర్ ఒక కుటుంబం గురించి రాశారు, ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపించడం, మంచం దగ్గర మనుషులు, తలనొప్పులు. చివరికి తేలిందేమిటంటే ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ పాడై కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తోంది. మన దగ్గర గాలి ఆడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు ఇదే పని చేస్తాయి, ప్రాణాలు కూడా తీస్తాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వింత అనుభవాలు అంటే నేను ముందు గ్యాస్ గురించే అడుగుతాను. వీళ్ళది కరెంటు గీజర్. ఆ అనుమానం తీరిపోయింది.

ఇక బీరువా పక్కన మనిషి స్లీప్ పెరాలిసిస్ అని నాకు దాదాపు ఖాయమైంది. మనం కలలు ఎక్కువగా కనే రెమ్ నిద్రలో, కలలో చేసే పనులు ఒంటితో చేసేయకుండా మెదడు కండరాలని కట్టిపడేస్తుంది, కళ్ళు, ఊపిరి తీయించే డయాఫ్రం తప్ప. కొన్నిసార్లు ఆ కట్టు విడిపోకముందే మెలకువ వచ్చేస్తుంది. గది కనిపిస్తుంది, కల కూడా ఇంకా నడుస్తూనే ఉంటుంది. పక్కటెముకల కండరాలు సడలి ఉంటాయి కాబట్టి గట్టిగా ఊపిరి పీల్చుకుందామంటే కుదరదు, అదే గుండెల మీద బరువు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం పూర్తిగా రెచ్చిపోయి ఉంటుంది కాబట్టి, ఆ భయానికి తగ్గ మనిషిని అదే తయారుచేసి నిలబెడుతుంది. 2011లో వచ్చిన ఒక సమీక్షలో లెక్క కట్టారు, మామూలు జనంలో వందకి ఏడెనిమిది మందికి, విద్యార్థుల్లో అయితే దాదాపు 28 మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. నిద్ర చాలకపోవడం, షిఫ్టులు, వెల్లకిలా పడుకోవడం, ఈ మూడూ దాన్ని పెంచేవే. ఆమెకి మూడూ ఉన్నాయి.

అయితే స్లీప్ పెరాలిసిస్ బట్టలు దొంగిలించదు. ఇక్కడ నా ముందు రెండు దారులు. ఒకటి, "భయంలో ఉన్న మనిషి, ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఉంటుంది" అనుకోవడం. రెండోది ఇంకా దారుణం, "ఎవరో ఇంట్లోకి వస్తున్నారు, బట్టలు తీస్తున్నారు" అన్నదాన్నే అనుమానపు జబ్బు లక్షణంగా రాసేయడం. పుస్తకాల్లో అలాంటి లక్షణం ఉంది కాబట్టి ఆ పొరపాటు చాలా సులువుగా జరిగిపోతుంది. నన్ను ఆపినవి రెండు విషయాలు. బట్టలు మారడం చెల్లెలు కూడా విడిగా గమనించింది, అక్క చెప్పకముందే. ఇంకొకటి, "నేనే మర్చిపోయి ఉండొచ్చా మేడమ్?" అని ఆమే నన్ను అడిగింది. పట్టుకున్న నమ్మకం జబ్బు అయినప్పుడు మనిషి అలా అడగడం అరుదు.

నోట్‌బుక్

అందుకే కథని విడగొట్టాలనుకున్నాను. ఒక మామూలు రెండొందల పేజీల నోట్‌బుక్ కొనమన్నాను. ఏం జరిగినా అందులో రాయాలి, ఎవరు చేశారో, ఎందుకు చేశారో రాయకూడదు. రాయాల్సినవి నాలుగే: ఎప్పుడు, ఆ రోజు ఏ షిఫ్టు, ఒళ్ళు కదిలిందా లేదా, తర్వాత చూస్తే గుర్తు ఏమైనా మిగిలిందా. చెల్లెలు వేరే నోట్‌బుక్‌లో రాయాలి, ఇద్దరూ ఒకరిది ఒకరు చూసుకోకూడదు.

కొన్ని వారాల తర్వాత రెండు నోట్‌బుక్‌లూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం. అక్కది: "నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకున్నా. వెల్లకిలా. కదల్లేదు. బీరువా పక్కన. గుర్తు ఏమీ లేదు." ఇలాంటివి చాలా ఉన్నాయి. చెల్లెలిది ఒకటి ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అక్క మధ్యాహ్నం షిఫ్ట్. నేను ఆరుకి వచ్చా. బాత్రూమ్‌లో బకెట్ బోర్లించి ఉంది. మేం బోర్లించం. సబ్బు తడిగా ఉంది."

నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. అక్క ఆఖరిసారి సబ్బు వాడింది పొద్దున పదింటికి, బయల్దేరింది ఒంటిగంటకి. నడి వేసవి, బాత్రూమ్ కిటికీ పడమర వైపు. సాయంత్రం ఆరింటికి సబ్బు తడిగా ఉండటానికి వీల్లేదు.

రెండు రకాలూ ఎంత విడిగా ఉన్నాయంటే ఇద్దరికీ నేను వివరించాల్సిన అవసరమే రాలేదు, పేజీలు తిప్పుతుంటే వాళ్ళకే తెలిసిపోయింది. ఒళ్ళు కదలనివన్నీ నిద్ర చెడిన తర్వాత వచ్చినవి, వాటిలో ఒక్కదానికీ గుర్తు లేదు. గుర్తు మిగిలినవన్నీ అక్కకి మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారాల్లో, అంటే ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కింద స్కూటీ కనిపించనప్పుడు జరిగినవి. నైట్ షిఫ్టు వారాల్లో ఆమె పగలు ఇంట్లో గడియ పెట్టుకుని పడుకుని ఉంటుంది, అప్పుడు ఒక్క వస్తువూ జరగలేదు. మూడో రకం కొన్ని మిగిలాయి, వాటి గురించి తర్వాత.

నిద్ర సంగతి ముందు, దానివల్ల వచ్చిన ఇబ్బంది

స్లీప్ పెరాలిసిస్ గురించి బొమ్మ గీసి చెప్పాను. ఆమె ఏడ్చేసింది, ఊరటతో. "అయితే నాకు పిచ్చి కాదా?" అంది. కాదన్నాను.

ఫోన్‌లో నాన్నగారికి చెప్పారు. ఆయనకీ పెద్ద బరువు దిగినట్టయింది, కానీ ఆయన అర్థం చేసుకున్నది "అన్నీ కలలేనట" అని. "మరి బట్టలు?" అని చెల్లెలు అడిగితే "డాక్టరమ్మ చెప్పింది కదా, నిద్ర సరిగ్గా లేక" అన్నారు. ఓనర్‌కి కూడా అదే చెప్పారు, అద్దె ఇంటి మీద వేసిన నింద పోయినందుకు ఆయనా సంతోషించాడు. ఒక్క వారంలో ఆ ఇంట్లో జరుగుతున్నదంతా నిద్ర జబ్బు అయిపోయింది. అంతకుముందు దయ్యం మింగేసిన సబ్బునీ బట్టల్నీ ఇప్పుడు సైన్సు మింగేసింది. సరైన సమాధానమే, కానీ దాన్ని తనది కాని ప్రశ్నకి కూడా వాడేశారు. అందుకని నాన్నగారితో నేనే మాట్లాడాను, ఆమె అనుమతి తీసుకుని. రెండు నోట్‌బుక్‌ల పేజీలు పక్కపక్కన పెట్టి ఫోటో పంపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒకటే, "తాళంచెవులు ఎన్ని ఉన్నాయమ్మా ఆ ఇంటికి?"

ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా లేదు. తలుపుకున్నది పాత లాక్. వీళ్ళకి రెండు చెవులు ఇచ్చారు. అంతకుముందు ఉన్నవాళ్ళకీ అదే లాక్. ఎప్పుడూ మార్చలేదు.

తాళమా, సాక్ష్యమా

ఈ నిర్ణయం దగ్గర చాలా ఆలోచించాం. ఇంట్లో కెమెరా పెట్టి, తాళం మార్చకుండా ఉంచితే మనిషి దొరుకుతాడు. చెల్లెలు అదే చేద్దామంది. నేను వద్దన్నాను. అతను ఎవరో తెలియదు, ఎప్పుడైనా ఇంట్లో మనిషి ఉండగా కూడా రావచ్చు, చెల్లెలు ఒంట్లో బాగాలేక మధ్యాహ్నమే తిరిగొస్తే? సాక్ష్యం కోసం ఆడపిల్లల్ని ఎరగా పెట్టడానికి నేను ఒప్పుకోను. తాళం ముందు, మనిషి తర్వాత. కెమెరా పెట్టాం, కానీ తలుపు లోపలి నుంచి గ్రిల్ మీదుగా తమ గుమ్మం వైపే చూసేలా, ఎదురు పోర్షన్ తలుపు అందులో పడకుండా.

రెండోది, ఎవరికీ చెప్పకూడదు. ఓనర్‌కి కూడా. ఆయన మీద అనుమానం ఉండి కాదు, పాత తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆయనకైనా తెలుసో లేదో మాకు తెలియదు కాబట్టి. ఆయన మామూలుగా ఎవరితోనో అన్నా చాలు. నాన్నగారు వచ్చి, వేరే ఏరియా నుంచి తాళాలు బాగుచేసే అతన్ని తీసుకొచ్చి లాక్ మార్పించారు. లోపల అదనంగా గడియ.

ఆ తర్వాత చెల్లెలి నోట్‌బుక్‌లో కొత్త గుర్తులేవీ రాలేదు. అక్క మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళిన వారంలో కెమెరాలో ఒక మనిషి కనిపించాడు. మధ్యాహ్నం రెండు దాటాక మెట్లెక్కి వచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి పెట్టి తిప్పి చూశాడు, పట్టలేదు, కిందకి వంగి లాక్ వైపు చూసి వెళ్ళిపోయాడు. ఓనర్ తరఫున రిపేర్లు చూసే మనిషే. తర్వాత ఇంకోసారి కూడా వచ్చాడు.

ఆ వీడియో చూశాక ఆమెకి వచ్చింది భయం కాదు, కోపం. ఆ కోపాన్ని నేను తగ్గించే ప్రయత్నం చేయలేదు, అది సరైన చోటే ఉంది. పోలీసు ఫిర్యాదు విషయంలో నాన్నగారు వెనకాడారు, "పెళ్ళి కావాల్సిన పిల్లలు" అని. నిర్ణయం అక్కాచెల్లెళ్ళది కాబట్టి వాళ్ళకి తెలియాల్సినవి చెప్పాను. పాత ఐపీసీ బదులు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇలా ఇంట్లోకి చొరబడటం 329వ సెక్షన్ కిందికి వస్తుందని, ఇంట్లో రహస్య కెమెరా లాంటిది పెట్టి ఉంటే 77 కూడా ఉందని, ఫిర్యాదు ఏ స్టేషన్‌లో ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్ కింద తీసుకోవాలని, ఆడవాళ్ళ భద్రత కోసం 2014 నుంచి పనిచేస్తున్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌ని కూడా అడగొచ్చని. లాయర్‌తో కూడా మాట్లాడమన్నాను, నా పరిధి అక్కడితో అయిపోతుంది. మర్నాడే వెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు. రహస్య కెమెరా కోసం ఇల్లంతా వెతికారు, ఏమీ దొరకలేదు. ఆ వెతికిన రోజు రాత్రి ఆమెకి అసలు నిద్ర పట్టలేదు, తెల్లవారుజామున పడుకుంటే మళ్ళీ బీరువా పక్కన మనిషి వచ్చాడు. ఈసారి ఆ మొహం రిపేర్లు చూసే మనిషిది. నిజం భయపెడితే కల దాన్నే వాడుకుంటుంది. అందుకే రెండింటికీ వైద్యం వేరువేరుగా, కానీ ఒకేసారి సాగాలి.

పెద్దాయన

పోలీసులు ఎదురు పోర్షన్‌లో అడిగితే ఆయన చెప్పిందేమిటంటే, ఆ మనిషి మధ్యాహ్నాలు తాళం తీసి లోపలికి వెళ్ళడం ఆయన చాలాసార్లు చూశారు. మొదట చుట్టాలేమో అనుకున్నారు. తర్వాత అనుమానం వచ్చి, పిల్లలు ఎప్పుడు వెళ్తున్నారు, ఎప్పుడు వస్తున్నారు అని తలుపు వైపు గమనించడం మొదలుపెట్టారు. చెప్దామనుకునే లోపే వీళ్ళ నాన్నగారు వచ్చి "మా పిల్లల మీద చేతబడి చేస్తావా" అని గొడవపెట్టుకున్నారు. ఇక చెప్పలేదు. నిమ్మకాయ ఆయనది కాదు, కింద ఎవరో కొత్త బండి కొని దిష్టి తీసింది.

ఆయన మంచివారని నేను రాయడం లేదు, నాకు తెలియదు. అంత చూసి నోరు మెదపకపోవడం నాకు నచ్చలేదు కూడా. కానీ కేసు పరంగా చూస్తే, ఆ ఇంట్లో జరుగుతున్నదానికి ఉన్న ఒకే ఒక్క సాక్షి నోరు అంజనం వేసినాయన అన్న ఆ ఒక్క మాటతో మూతపడింది. ఎన్నో వారాలు ముందే ఆగాల్సింది అలా సాగిపోయింది.

నిద్రకి ఏం పనిచేసింది

అల్ప్రజోలామ్‌ని ఒక సైకియాట్రిస్ట్ నెమ్మదిగా తగ్గించి ఆపారు, ఒక్కసారిగా మానేయొద్దని ముందే చెప్పాం. ఆఫీసులో డాక్టర్ లెటర్ పెడితే వారంవారం మారే షిఫ్టు బదులు స్థిరమైన షిఫ్టు ఇచ్చారు. నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే. వెల్లకిలా పడుకోకుండా వీపు వెనక దిండు పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

అది వచ్చినప్పుడు ఏం చేయాలన్నది కొంచెం కష్టమైంది. మామూలుగా బొటనవేలు కదిలించి చూడమని చెప్తాం, కొందరికి బాగా పనిచేస్తుంది. ఆమెకి పనిచేయలేదు. వేలు కదలకపోతే భయం ఇంకా పెరిగి, ఆ మనిషి ఇంకా దగ్గరికి వచ్చేవాడు. అందుకని బలాండ్ జలాల్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన పద్ధతి తీసుకున్నాను. అందులో ముఖ్యమైనది కదలడానికి ప్రయత్నించకపోవడం. ఇది స్లీప్ పెరాలిసిస్, దానంతటదే పోతుంది అని గుర్తుచేసుకుని, చూపుని ఆ మనిషి మీంచి తప్పించి, మనసుని తనకి ఇష్టమైన ఒక విషయం మీద పెట్టాలి. దేవుడి రూపం అనుకుంది, కుదరలేదు, ఆ సమయంలో అదీ భయంగా మారిపోయేదట. చివరికి పట్టుకుంది ముగ్గు. వాళ్ళ అమ్మమ్మ సంక్రాంతికి వేసే పదిహేను చుక్కల ముగ్గు, ఎనిమిది వచ్చేవరకూ సందు చుక్క. మనసులో వాకిలి తడిపి, చుక్కలు వరసగా పెట్టుకుంటూ పోతుంది. ముగ్గు పనిచేసింది, ఎందుకంటే లెక్క తప్పకూడదు, మనసుకి వేరే పని చేయడానికి చోటుండదు. పగలు రోజూ రెండుసార్లు పడుకుని దీన్నే సాధన చేయించాను. భయం వచ్చాక నేర్చుకోవడం కుదరదు, ముందే చేతికి వచ్చి ఉండాలి. మొదట్లో రెండో వరసలోనే తెగిపోయేది. తర్వాత్తర్వాత ముగ్గు కలపడం మొదలుపెట్టే లోపే ఒళ్ళు విడిపోతోందని చెప్పింది.

మిగిలిన మూడో రకం

డాబా మీద అడుగులు చాలావరకు రాత్రి మున్సిపల్ నీళ్ళు వదిలినప్పుడు పైపులో గాలి కొట్టుకునే చప్పుడని తేలింది, నోట్‌బుక్‌లోని టైములు నీళ్ళు వచ్చే రోజులతో కలిశాయి. ఇంతకుముందున్న అమ్మాయి చనిపోయిన మాట నిజమే, ఊళ్ళో, జబ్బుతో, ఈ ఇల్లు ఖాళీ చేసిన చాలా కాలానికి.

ఒకటి మాత్రం మిగిలింది. చెల్లెలు ఒక సాయంత్రం టీ పెడుతుంటే, పూర్తి మెలకువలో, మెట్ల మీద నుంచి చనిపోయిన అమ్మమ్మ గొంతుతో ముద్దుపేరు పెట్టి పిలుపు వినిపించింది. అక్క షిఫ్టులో ఉంది. గుర్తు లేదు, కారణం లేదు. నిద్ర లేనప్పుడు, పోయినవాళ్ళని తలుచుకునేటప్పుడు ఇలా చాలామందికి వినిపిస్తుంది, ఒక్కసారి వినిపించడం జబ్బు కాదు అని చెప్పాను. దానికి ఇంతకన్నా గట్టి పేరు నేను పెట్టలేదు. పై రెండింటిలో ఏదో ఒకదానిలో దాన్ని ఇరికిస్తే నాకు తృప్తిగా ఉండేదేమో, ఆ పిల్లకి నా మీద నమ్మకం పోయేది.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

"ఇంట్లోకి ఎవరో వస్తున్నారు" అన్న మాట విన్నప్పుడు మనసు గురించి అడగడానికి ముందే తాళం గురించి, చెవుల గురించి, గ్యాస్ గురించి అడుగుతున్నాను. ఇద్దరు ఉంటే రెండు నోట్‌బుక్‌లు. రోగ నిర్ధారణ చెప్పేటప్పుడు అది దేన్ని వివరిస్తుందో చెప్పడంతో ఆగకుండా, దేన్ని వివరించదో కూడా కాగితం మీద రాసి ఇస్తున్నాను, ఇంట్లోవాళ్ళకి ఆ కాగితమే చూపించమని. అద్దెకి దిగే ఆడపిల్లలకి నేను చెప్పేది ఒకటే, సామాను దించే రోజే లాక్ మార్పించండి, ఖర్చు మీదే అయినా సరే. నడిరాత్రి భయం పట్టుకుంటే ఎవరితోనైనా మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మనిషి నిజంగా గుమ్మంలో ఉంటే 112.

అక్కాచెల్లెళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేశారు, అడ్వాన్సు కోసం ఓనర్‌తో కొంత పోరాడాల్సి వచ్చింది. కేసు నడుస్తోంది, పెద్దాయన వాంగ్మూలం అందులో ఉంది. నాన్నగారు వెళ్ళి ఆయనకి క్షమాపణ చెప్పారు, ఆయన తలుపు తీసి విన్నారట, లోపలికి మాత్రం పిలవలేదు. ఆమెకి స్లీప్ పెరాలిసిస్ పూర్తిగా పోలేదు, రాత్రి బస్సులో ఊరెళ్ళి వచ్చిన మర్నాడు లాంటప్పుడు ఇప్పటికీ వస్తుంది, వస్తే నాకు మెసేజ్ పెడుతుంది, ముగ్గు ఎన్నో వరస దాకా వచ్చిందో రాసి.